నెత్తురు చీటీ

కబ్ద్‌ల పొద్దింక పొడవలే.
సూడాన్ డాక్టర్ ఇద్రీస్ జీపు దిగుతనే అన్నడు:
"శ్వయ్య, శ్వయ్య. మందను ఉరికియ్యకు,
బెదిరిన గొర్రె నెత్తురు అబద్ధమాడుతది."

ఒక్కొక్కదాన్ని నా మోకాళ్ళ నడుమ నిలబెట్టిన.
మెడ కాడ ఉన్ని పాయ తీసి
నరం మీద బొటనవేలు అదిమితే
మడ్వకు అడ్డం కట్టేసిన కాల్వ లెక్క ఉబ్బింది.
సూది దిగినా నయీమీ గొర్రె
నెమరేసుడు ఆపలే.

ఇరవై సీసలు, ఎర్ర మూతలు.
కుదిలితే పాడైతయట.
గుంతల తొవ్వ పొడుగూత ఐసు డబ్బను
పొంగొచ్చిన పాలగిన్నె లెక్క పట్టుకొని కూసున్న.

నాకు తెలిసిన చదువు వేరు.
కింది రెప్ప తిప్పి చూస్త.
పెంటికలు వేళ్ళ నడుమ నలిపి చూస్త.
రెప్పలు ఎర్రగనే ఉన్నయి, మేత తింటనే ఉన్నయి.
"ఏం రోగం లేదు బాబా" అని
అబూ మిషారికి నేనే చెప్పిన.

మూడో నాడు చీటీ వచ్చింది.
ఏఎస్‌టీ, జీజీటీ. ఉండాల్సినదానికి నాలుగింతలు.
"ఏం తినవెడుతున్నవ్?"
దాణా సంచి ఈడ్చుకొచ్చి చూపెట్టిన.
సంచి మీద ఆవు బొమ్మ.
అగ్గువకు దొరికిందని కఫీల్ తెచ్చిండు, మూడు నెలలాయె.

ఆవుకు సత్తువిచ్చే రాగి
గొర్రె కార్జంల మిత్తి లెక్క పేరుకుంటదట.
కార్జం ఎవ్వలకు చెప్పదు, దాసుకుంటది.
ఒక్కనాడు పగులుతది, ఉచ్చ నల్లగైతది,
ఇగ అప్పుడు సూదులున్నా దండుగే.
దానికన్న ఎన్నో వారాల ముందు
నెత్తురుల సన్నగ కారేది ఈ రసమొక్కటే.

సంచులు బండెక్కినయి. తొమ్మిదో నంబరు ఆగలే,
ఇసుకల నేనే బొందవెట్టిన.
తక్కినయాటికి మందు నీళ్ళు, ఎండుగడ్డి.

నెలకు మళ్ళ చీటీ.
అంకెలన్ని దిగినయి, నాకు నవ్వొచ్చింది.
డాక్టర్ నవ్వలే. పదిహేడో గీత మీద వేలు పెట్టిండు.
"కార్జం మంచిగుంది. ఇది కండ రసం, సీకే.
దీన్ని ఉరికిచ్చినవా?"

ఉరికిచ్చిన.
దొడ్డంత తిప్పి, కాలు వట్టి గుంజి పడేసిన.
ఆ పొద్దుగాలనే కఫీల్ చెప్పిండు,
జీతం ఈ నెల గూడ లేదని.

నోరు లేవలే.
ఆయన చీటీ మడిచి జేబుల పెట్టుకున్నడు.
"రేపు మళ్ళ తీద్దం" అన్నడు,
"శ్వయ్య, శ్వయ్య."