గడువు దాటిన పేరు

ఛత్తాబజార్ల ముప్పై ఏండ్ల సంది
మంది పేర్లు అచ్చేస్తున్న.
పెండ్లికార్డుల మీద కొత్తజంటలవి,
దినాల కార్డుల మీద పోయినోళ్లవి.
ఒక్క ఒత్తు కూడ తప్పు పోనియ్యలే.

నా పేరే పోయింది.

మంగళారం పొద్దుగాల తెరిస్తే
దుకాణం వెబ్‌సైట్ల రమ్మీ ఆట,
పచ్చబల్ల మీద నవ్వే ఇస్పేటు రాణి.

ఫోన్ చేసిన. ఒకటి నొక్కమన్నరు, నొక్కిన.
సంగీతం. మళ్ల ఒకటి.
ఆఖరికి ఓ పిల్ల, అలిసిన గొంతు:
"ఏడు మెయిళ్లు పంపినం సర్."
ఎవరికమ్మా?
"ముజ్తబా అని ఉంది సర్."

ముజ్తబా! మా ప్రూఫులు దిద్దిన పోరడు.
ఎనిమిదేండ్ల కింద ఆ పేరు కొన్నది వాడే,
పైసలు నావి, మెయిలు వానిది.
ఇప్పుడు అత్తాపూర్ల ఆటో నడుపుతడు.

ఓటీపీ వానికే పోతదట.
పిల్లర్ నంబర్ నూట ఇరవై కాడ, హారన్ల నడుమ
ఆరంకెలు చదివిండు
ఒక్కొక్కటే, ఆగి ఆగి,
వెనుకటి లెక్కనే.
"సేఠ్, ఇప్పుడు ప్రూఫులు ఎవరు చూస్తున్నరు?"
కంప్యూటరే చూస్తదిరా అన్న.
వాడేమనలే. సిగ్నల్ పడ్డట్టుంది.

ఎనిమిది వందల పేరు
విడిపించుకోను పన్నెండు వేలు.
తాకట్టు పెట్టింది లేదు, వడ్డీ మాత్రం ఉంది.
"నెల దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు సర్."
అంటే ఊరూ పేరూ లేనోడెవడో
నా పేరు కోసం కాచుకొని కూసున్నడు.

కట్టిన.
రశీదుల నా పేరు తప్పు పడ్డది.
దిద్దమని మళ్ల ఒకటి నొక్కే ఓపిక లేక
ఎర్రపెన్నుతోని నేనే సున్నా చుట్టి
ముజ్తబాకు ఫొటో పంపిన.