పిడికిట్లో పంచచూలి

గైడు పేరు గోదావరి పాంగ్తీ.
అది మా ఏటి పేరని చెబితే
"అదీ పైకే నడుస్తుందా?" అని నవ్వి ముందుకు సాగింది.

"ఇంకెంత?" అంటే
"ఈ మలుపే" అంటుంది.
ఏడు మలుపులయ్యాయి.
ఆమె కాళ్ళకి రబ్బరు చెప్పులు,
నడుముకి కొడవలి.
ఒక్కరోజు యాత్రకని నేను డబ్బు కట్టిన దారి
ఆమె రోజూ గడ్డికి వెళ్ళొచ్చే దారట.

ఊళ్ళో పదకొండు ఇళ్ళు.
పలకరాతి కప్పులమీద
ఎర్రగా ఎండుతున్న తోటకూర కంకులు.
ఓ ముసలామె నా బూట్లకేసి చూసి ఏదో అంది.
అందరూ నవ్వారు.
గోదావరి ఆ మాట నాకు చెప్పలేదు.

పొయ్యి పక్కన ఉప్పు టీ తాగి
వాకిట్లోకొస్తే ఎదురుగా మబ్బు,
సున్నం కొట్టిన గోడలా.
ఆ ఐదు శిఖరాల కోసమే కదా ఇంత ఆయాసం!

ఆమె పిడికిలి బిగించి
నా కళ్ళముందు పెట్టింది.
"ఇదిగో, పెద్దది. ఇది దాని పక్కది.
బొటనవేలు, కాస్త ఎడంగా ఉండే ఐదోది."
రెండో మెటిక నుంచి మణికట్టు దాకా
కొడవలి గీసిన తెల్లమచ్చ.
"ఇది మంచునది."

దిగేటప్పుడు మబ్బు విడిందని
వెనకనుంచెవరో కేకేశారు.
తిరిగేలోపు మూసుకుంది.

దారి పక్కన వంగి
గోదావరి గడ్డి కోసుకుంటోంది
ఆ కొండలతోనే.