ఉప్పందిన గొలుసు

జాబ్జెలో జనవరి.
కిటికీ అంచున బొగ్గు నుసి కలిసిన మంచు.
నూనె తొట్టి డెబ్బై డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది.
గాజుబుడ్డిలో ఉప్పునీళ్ళు, వాటిలో నలభై నిమిషాలుగా
బుడబుడమంటూ నైట్రోజన్,
ఆక్సిజన్‌ని గడప దాటిస్తూ.
మనకు ఊపిరైనదే
ఈ పుట్టుకకు గొంతు నులిమే చెయ్యి.

మోనోమర్ తెల్లటి పలుకుల్లా ఉంటుంది.
ఒక్కో అణువు నడుము దగ్గర ప్లస్సు,
తోక కొసన మైనస్సు.
లెక్కకు సున్నా.
సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదని
ఇద్దరు మాట్లాడుకోని ఇంట్లో పెరిగిన
ఎవరికైనా తెలుసు.
దానికి జతగా పదింట మూడు పాళ్ళు అక్రిలమైడ్,
ఏ విద్యుత్తూ లేని నెమ్మదస్తురాలు,
గ్లవుజు లేకుండా ముట్టుకోకూడదు గానీ.

సిరంజితో కాసింత ఇనీషియేటర్.
అంతే. ఒకటి తెగి రెండోదాన్ని పట్టుకుంది,
రెండోది మూడోదాన్ని.
ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో
చెప్పే పెద్దమనిషి లేని బంతి అది.
సాయంత్రానికి లోపలి అయస్కాంతపు పుల్ల
తేనెలో పడ్డ చీమలా తిరుగుతోంది.

తర్వాత మూడు రోజుల స్నానం.
పొర సంచీలో పోసి, రెండు కొసలూ ముడేసి
బకెట్ నీళ్ళలో వేలాడదీశాను.
పొద్దునొకసారి, రాత్రొకసారి నీళ్ళు మార్చాను.
గొలుసు కట్టలేకపోయిన చిల్లర అణువులు పోయాయి.
ఉప్పు పోయింది.
కడగాల్సిందేదీ మిగలని మూడో ఉదయం
సంచీ నిండా విరిగిన పాలు.

షెచిన్ నించి వచ్చాక
నా పేరు రాసి అంటించిన తొలి బుడ్డి.
సింకులోకి వంచబోతుంటే
"ఆగు, కింగా," అంది బొగుమీవా.

ఆవిడది బొఖ్నియా. తండ్రీ తాతా ఉప్పుగని మనుషులు.
ముప్పై ఒక్కేళ్ళుగా ఇక్కడ గాజుసామాను కడుగుతోంది,
ఎవరి బుడ్డి ఎందుకు పగిలిందో అన్నీ గుర్తే.
ఇక్కడ తినరాదని రాసున్న బోర్డు కిందే
టిఫిన్ డబ్బా తెరిచింది.
ఉడికిన గుడ్డు పక్కన కాగితం పొట్లం విప్పి
రెండు వేళ్ళతో తీసి
గ్లాసులోకి వంపిన నా విరుగుడులో వేసి తిప్పింది.

ఒక నిమిషం.
ఎవరో ఉప్పందించినట్టు
లోపలి గుట్టంతా విప్పుకుంది.
మసక పలచబడింది. లేదు.
గ్లాసు అవతల గోడ గడియారం
కాస్త వంకరగా, ఎనిమిదీ పది.

మామూలు విద్యుత్ గొలుసులు నాకు తెలుసు.
అన్నీ మైనస్సులే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుని
శుద్ధమైన నీళ్ళలో ఒళ్ళు విరుచుకుంటాయి,
ఉప్పు తగిలితే ముడుచుకుంటాయి.
ఇది ఎడ్డెమంటే తెడ్డెం.
కడిగిన కొద్దీ తన ప్లస్సు తన మైనస్సునే వాటేసుకుని
ఉండచుట్టుకుపోతుంది.
పరాయి అయాన్లు మధ్యన దూరి
ఒక్కో కౌగిలినీ సడలిస్తే తప్ప
చేతులు చాపదు.

మధ్యాహ్నం సన్నగొట్టంలో దించి స్టాప్‌వాచీ నొక్కాను.
ఉప్పు తక్కువైన నీటిలో నూట పన్నెండు సెకన్లు.
ఎక్కువైన నీటిలో నూట నలభై ఆరు.
విప్పారినది మెల్లిగా నడుస్తుంది.
తక్కువ ఉప్పుదాన్ని కిటికీ అంచున మంచులో గుచ్చితే
మళ్ళీ మబ్బు.
అరచేతుల మధ్య పట్టుకుంటే తేట.
పని లేకపోయినా నాలుగుసార్లు చేశాను.

"అచ్చం మనుషుల్లాగే," అన్నాను.
"మనుషుల సంగతి మనుషుల్లో చూసుకో,"
బ్రష్షుతో గొట్టం తోముతూ ఆవిడ.
"ముందు రాసుకో."

రాశాను:
కోపాలిమర్, బ్యాచ్ ఒకటి.
ఉప్పు: గుడ్డు పొట్లంలోది,
బొగుమీవా రెండు వేళ్ళకు వచ్చినంత.
తూచలేదు.
ఈసారి తూచాలి.