ఇరవై మూడో వరస

క్లాక్స్‌వీక్ రేవులో రాత్రి రెండు దాటింది.
గాలి కిటికీని తలుపనుకుని కొడుతోంది.
నా ముందు నల్లటి తెర,
అందులో కన్ను కొడుతున్న ఒక్క గీత.

నేను ఏ దీవికీ కదలను.
పడవెక్కను, నిచ్చెనెక్కను,
చలికి బిగిసిన పెట్టెల తాళాలు తీయను.
నలభై వరసల స్క్రిప్టును నిద్ర లేపుతాను.
అదే వెళ్తుంది
సముద్రం అడుగున పడుకున్న తీగ పట్టుకుని
బడికి, ఆసుపత్రికి, చేపలు కోసే షెడ్డుకి,
రెండు వందల పన్నెండు స్విచ్‌ల గుమ్మాల్లోకి.

ప్రతి గుమ్మంలోనూ అదే ప్రశ్న, విసుగన్నది లేకుండా:
ఎవరు నువ్వు?
ఎవరి తాలూకు?

యంత్రాలకీ ఇంటిపేరే ముందు.
పన్నెండక్షరాల్లో మొదటి ఆరూ పుట్టించిన కంపెనీవి,
తర్వాతి ఆరే దాని సొంతం.
అవి చెప్పి, సంతకం చూపించి లోపలికి రావాలి.
చూపించలేని దాన్ని వెలివేస్తాం.
మా ఆఫీసులో దానికి మర్యాదైన పేరుంది, క్వారంటైన్.
కరెంటు ఉంటుంది, దీపం వెలుగుతుంది,
పిలిస్తే పలికేవాళ్లే ఉండరు.

ఈ స్క్రిప్టు నా చేతిది కాదు.
తోరాల్వుర్ రాశాడు, నాకు ముందు పదకొండేళ్లు
ఈ కుర్చీని కుంగదీసిన మనిషి.
వెళ్తూ వెళ్తూ మరకలు పోని కప్పొకటి,
ఉన్ని టోపీ ఒకటి, ఈ నలభై వరసలూ ఇచ్చిపోయాడు.
ఇరవై మూడో వరసలో ఒక చిరునామా.
దాని పక్కన, యంత్రం చదవని చోట,
మనిషి కోసం మనిషి రాసే చోట
రెండే మాటలు:
"దీన్ని అడగొద్దు."

ఎందుకో రాయలేదు.
కారణం చెప్పని మినహాయింపు నాకు గిట్టదు.
పైగా సోమవారం ఆడిట్.
ఒక్క నొక్కు.
నలభై ముప్పై తొమ్మిదైంది.

స్క్రిప్టు బయల్దేరింది.
సరే, సరే, సరే అంటూ జవాబులు
బుట్టలో పడుతున్న చేపల్లా జారుతున్నాయి.
స్వీనోయ్ దీవి దగ్గర ఆగింది.
అడిగింది. మళ్లీ అడిగింది.
మూడోసారీ అడిగింది.
మౌనం.
వెలి, అని రాసుకుని ముందుకు పోయింది.
నేను టీ తాగి బల్ల మీదే తల వాల్చాను.

ఆరింటికి ఫోను. సన్నివా, స్వీనోయ్ నుంచి.
ఆ దీవి జనాన్నంతా ఒక బస్సులో కూర్చోబెట్టొచ్చు,
ఆమె కోపం మాత్రం బస్సులో పట్టదు.
"రేవు దగ్గర తెర నల్లబడింది.
అల ఎంతుందో తెలియట్లేదు.
పడవని గట్టుకి రమ్మననా, వెనక్కి పొమ్మననా?
డాక్టరమ్మ అందులోనే ఉంది."

వేళ్లు వణకలేదని చెప్పను.
పోయిన వరసని తిరిగి రాశాను,
పన్నెండక్షరాలూ పైకి చదువుకుంటూ.
స్క్రిప్టును ఆ ఒక్క గుమ్మానికే పంపాను.
అవతల సన్నివా ఊపిరి, ఊపిరి,
తర్వాత అంకె:
"మూడు మీటర్ల ఇరవై."
నన్ను వదిలేసి కిటికీలోంచి ఎవరికో కేకేసింది.
పడవ వెనక్కి మళ్లింది.

మధ్యాహ్నం తోరాల్వుర్‌కి ఫోను చేశాను.
గొర్రెల దొడ్లో ఉన్నాడు, సగం మాటలు గాలికే పోతున్నాయి.
నీటి ఎత్తు కొలిచే డబ్బా అన్నాడు.
సంతకాలు పుట్టకముందు పుట్టింది,
నేర్పుదామని ఒక చలికాలమంతా చూశాను,
దానికి రాదు.

"మరి ఆ ముక్కే రాసి ఉండొచ్చుగా?"

"రాస్తే పాతదని పీకేస్తారు."
కాసేపు గాలే మాట్లాడింది.
"దాన్ని పేరు అడిగితే చెప్పదమ్మా.
నీళ్లెంతున్నాయో అడుగు."

సోమవారం ఆడిట్ మనిషి వేలు
పై నుంచి ఒక్కో వరసా దిగుతూ వచ్చి
ఇరవై మూడు దగ్గర ఆగింది.
టీ పెట్టనా, అన్నాను.