హారం

కలెక్టరేట్ మీటింగు హాల్లో
మా బడి పేరు తెరమీద ఎర్రగా వెలిగింది.
నలభై ఒకటి పాయింటు మూడు సున్నా.
డి గ్రేడు.
"హెచ్చెమ్ గారు ఎవరండీ, లేచి నిలబడండి."
ముప్ఫై రెండేళ్ళు పిల్లల్ని నిలబెట్టినదాన్ని,
నిలబడితే చీర కుచ్చిళ్ళు ఎంత వణుకుతాయో
అవాళ చూసుకున్నాను.

వంద శాతం వాళ్ళకి శాలువాలు, చామంతి హారాలు.
టీ బల్ల దగ్గర ఒక హారం నా చెవిలో చెప్పింది:
"వరహాలమ్మ గారూ, లెక్కల టీచరై ఉండి మీకు తెలీదా?
లవం పెరగనప్పుడు
హారం తగ్గించుకోవాలండీ.
నామినల్ రోల్స్ వెళ్ళకముందే
మొద్దుల్ని ఓపెన్ స్కూలుకి తోసెయ్యండి."

తెలీక కాదు.

ఏడు రోజుల్లోగా సంజాయిషీ.
హార్బరు వైపు కిటికీ తీసి కూర్చున్నాను.
పోర్టు నుంచి నల్లపొడి,
హాజరుపట్టీ మీద, సుద్దముక్కల డబ్బా మీద,
తుడిచిన గంటకే మళ్ళీ.
రాశాను:
సైన్సు పోస్టు రెండేళ్ళుగా ఖాళీ.
గరికిన నూకరత్నం రాత్రంతా షెడ్డులో రొయ్యల తలలు తుంచి
తెల్లారి వాచిన వేళ్ళతో పరీక్షకి కూర్చుంది.
ఉమ్మిడి ఎల్లాజీ, లెక్కల పేపరు రోజున...
కొట్టేశాను.
అన్నీ నిజాలే.
చాటున దాక్కోడానికి నిజాలు కూడా పనికొస్తాయి.

నిన్న సాయంత్రం జెట్టీ మీద
ఐసు డబ్బా భుజాన ఎత్తుకుని ఒకడు ఆగాడు.
సూరాడ తాతాజీ.
డిసెంబరులో వాళ్ళమ్మ చేత వేలిముద్ర వేయించింది నేనే.
"వచ్చే ఏడు నిదానంగా రాస్తాడులే" అన్నదీ నేనే.
ఆవిడ నాకు దండం పెట్టి వెళ్ళింది.

డబ్బా దించలేదు వాడు.
చల్లనీళ్ళు మెడ మీంచి కారుతున్నాయి.
"మేడమ్, మనోలెంతమంది పాసైనారండి?"
"పందొమ్మిది మందిరా."
"పర్లేదండి. పోయినేటికన్నా ఇద్దరెక్కువే."
వద్దంటే వినకుండా
నాలుగు కానాగంతలు నా సంచిలో వేశాడు.

వండాను. తిన్నాను కూడా.
మనోలు అన్న మాటే
అర్ధరాత్రి దాకా అరగలేదు.

"అయ్యా,
తమరి నోటీసులో ఒక అంకె తప్పు.
తప్పు తమరిది కాదు, నాది.
మా బడిలో పది చదివింది నలభై ఆరుగురు కాదు,
నలభై ఏడుగురు.
ఆ లెక్కన మా శాతం
నలభై పాయింటు నాలుగు మూడు.
దయచేసి తగ్గించుకోగలరు."

తపాలాలో వేసి
తిరిగి చేర్చుకునే ఫారం ఒకటి మడిచి పట్టుకుని
జాలారిపేట సందులోకి తిరిగాను.
వలల మీద కాలు పడకుండా నడవడం
ఇన్నేళ్ళయినా నాకు చేతకాదు.

తాతాజీ వాళ్ళమ్మ తలుపు తీసింది.
కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది.
బొటనవేలు చీరకి తుడుచుకుంది.
ఈసారి దండం పెట్టలేదు.