బ్రౌన్ అయిపోయిన శుక్రవారం

ఎల్ ఆల్తోలో మా బడి, మూడో అంతస్తు.
చలికి రంగుబిళ్ళలు రాళ్ళవుతాయి.
కుంచె తడిపే ముందు పిల్లలు వాటిమీద నోటి ఆవిరి ఊదుతారు.
ఒక్కోరోజు నీళ్ళగ్లాసులో మంచుపొర.
దాన్ని గోటితో పగలగొట్టడమే మొదటి పాఠం.

ఇరవై తొమ్మిది మంది. అద్దాలు పదకొండు.
"సర్దుకోండి" అన్నాను,
"ఎవరి ముఖం వాళ్ళు గీయండి."

ముఖం అనగానే అందరూ కళ్ళతో మొదలెడతారు.
యెసికా రెప్పవెంట్రుకలు లెక్కపెట్టి మరీ నాటింది.
ఫ్రెడ్డీ తన మొటిమలన్నీ మాఫీ చేసేసుకున్నాడు.
చూసీ చూడనట్టు ముందుకెళ్ళాను.
పదహారేళ్ళకి ఆ మాత్రం అబద్ధం చెల్లుతుంది.

గ్రోవర్ తికోనా మాత్రం
అద్దాన్ని బల్లమీద బోర్లించేశాడు.
కాగితం కింది అంచున
బూటు గీస్తున్నాడు.

వాడి బూట్లు నాకు కొత్త కాదు.
పోయిన నెల ప్లాస్టర్ పాదాన్ని చూసి గీయమంటే
పాదానికి బూటు తొడిగి ఇచ్చాడు.
తోలు ఎక్కడ ముడత పడుతుందో,
మడమ ఏ వైపు ముందు అరుగుతుందో,
నలభై ఏళ్ళకు పైగా నడుస్తున్న నాకు తెలియనివి
వాడి పెన్సిల్‌కి తెలుసు.
మార్కులు వేశాను. ఏమీ అడగలేదు.

ఈసారి అడిగాను, "ముఖమేదీ?"
"వస్తోంది టీచర్. కిందనుంచి వస్తోంది."

బ్రౌన్ ట్యూబును అప్పటికే చాపలా చుట్టేశాం,
కత్తెరతో కోసి లోపలి గోడలు కూడా గీకేశాం.
ఇన్ని ముఖాలకి
ఆఫీసువాళ్ళు పంపేది ఒక్క ట్యూబు.
గులాబీ రంగు మాత్రం ఏటా నాలుగు పెట్టెలు మిగులుతుంది.

అప్పుడు గ్రోవర్ సంచిలోంచి ఒక రేకుడబ్బా తీశాడు.
మూత చప్పుడుకి కాదు,
వాసనకి తలలు తిరిగాయి.
మైనం, టర్పెంటైను.
ఆ వాసన ఎరగనివాళ్ళు ఇక్కడ లేరు.
కేబుల్ కారు దిగితే కింద లా పాస్‌లో,
ఉన్ని ముసుగు గడ్డందాకా లాక్కుని,
కళ్ళకి రెండు కంతలు ఉంచుకుని,
చెక్కపెట్టె ముందు వంగే కుర్రాళ్ళ వాసన.
ముసుగు చలికి అంటారు. పాలిష్ ఘాటుకి అంటారు.
అది ఆ దారిన పోయే తోటిపిల్లల కోసమని
అందరికీ తెలుసు.

అసలే గాలి తక్కువున్న ఊరు.
గదిలో ఊపిరి ఆగినంత పనైంది.
గ్రోవర్ చెవులు ఎర్రబడ్డాయి.
డబ్బా మూయలేదు.
రెండు వేళ్ళకి గుడ్డ బిగించి చుట్టాడు,
ఆ చుట్టడంలో ఏళ్ళున్నాయి,
కాగితంమీద చిన్న చిన్న సున్నాలు తిప్పాడు.
మోకాలు వచ్చింది. పెట్టె వచ్చింది. వంగిన వీపు.
ఆఖర్న ముసుగు.
అందులో రెండు కంతలు తెల్లగా వదిలేశాడు.

నేనేదో అనాలి. టీచర్‌ని కదా.
ఇది ముఖం చెల్లని పని కాదు నాయనా,
ముఖం చాటెయ్యక్కర్లేదు,
ఇలాంటివి నోటిదాకా వచ్చి
వాడు మొదట గీసిన బూటు దగ్గర నిలిచిపోయాయి.
ఎడమ అంచున అడ్డదిడ్డంగా కుట్టు.
నల్లదారం దొరక్క
ఎర్రదారంతో నేను వేసుకున్నది.

ఏ ఆదివారమో. ఎన్ని ఆదివారాలో.
చిల్లర వాడి చేతిలో పెట్టి
ఫోను చూసుకుంటూ లేచి వెళ్ళిన కాలు.
పిల్లలకి చూడ్డం నేర్పేదాన్ని.

కాలు బల్లకిందికి లాక్కున్నాను.
వాడు చూశాడు.

యెసికా లేచి వచ్చింది.
"కొంచెం ఇస్తావా? జుట్టుకి కావాలి."
తర్వాత ఇంకొకరు. తర్వాత ఫ్రెడ్డీ, మెడకింద నీడకి.
డబ్బా బల్లలన్నీ తిరిగింది.
తిరిగొచ్చేసరికి అడుగున రేకు మెరుస్తోంది.

గ్రోవర్ అందులోకి తొంగి చూసి
మిగిలింది ఎన్ని జతలకి వస్తుందో లెక్కేసుకున్నాడు.
పెదవులు కదిలాయి.
ముసుగులేని ఆ ముఖాన్ని,
లెక్కల్లో మునిగిన ఆ ముఖాన్ని
గీసుకుందామని పెన్సిల్ కోసం వెతికాను.

గంట కొట్టేశారు.