రెండో టచ్

మొదటి టచ్ ఎవరిదైనా కావచ్చు,
మూడోది నాది.
మధ్యలోది మాల్యాద్రిది.

ఆ మధ్యలోదాన్ని ఎవరూ చూడరు.
జనం నా స్మాష్ చూస్తారు,
అవతలి కోర్టులో లేచిన దుమ్ము చూస్తారు.
కళ్లు మూసుకుని ఎగిరినా
బంతి అక్కడే ఉంటుందని,
దండెం మీద ఆరేసిన చొక్కాలా
నా కోసమే వేలాడుతుంటుందని
తెలిసింది నాకొక్కడికే.

అలాంటి పది వేళ్లను
ఆదివారం పూట తీసుకెళ్లి
కీపింగ్ గ్లవ్స్‌లో పెడతాడు వాడు.
మన్నేటి పక్క బీడు, మ్యాటింగ్ పిచ్,
కార్క్ బంతి.
పామూరు నుంచి వచ్చినవాడెవడో
ఎడమచేత్తో విసురుతుంటాడు.
నేను బౌండరీ బయట జిల్లేడు పొద పక్కన కూర్చుని
వాడి చిటికెనవేలు కోసం
మాలకొండ స్వామికి మొక్కుకుంటాను.
శనివారం మాత్రమే తలుపు తీసే స్వామి,
ఆదివారం మొక్కితే వినపడుతుందో లేదో.

కాలేజీ ముందు టీ బంకులో పంచాయితీ పెట్టారు.
"రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు అబ్బయా,
సెలక్షన్స్ ఇరవై రోజులు కూడా లేవు,
ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు
పీడీ హజరత్తయ్య సారు.
అంటూనే చొక్కా జేబులోంచి
ఎల్ఐసీ రసీదు తీసి టీకొట్టాయన చేతిలో పెట్టారు.
ఎవరూ నవ్వలేదు.
నవ్వాల్సింది.

"క్రికెట్ గెలిస్తే అయిదువేలిస్తారు సార్,
మన ఆటకి అరటిపండ్లేగా" అన్నాడు ప్రభుదాసు.
"ఆడనీండి, కీపింగ్ మాత్రం మాన్పించండి" అన్నాడు ఖాజావలి,
గుర్రాన్ని కొనుక్కో, ఎక్కకు అన్నట్టు.
నేను నోరు తెరవలేదు.
తెరిస్తే స్నేహితుడు మాట్లాడడు,
నా స్మాషే మాట్లాడుతుందని భయం.

మాల్యాద్రి గ్లాసు అడుగున మిగిలిన టీని
చాలాసేపు తిప్పాడు.
"నెట్ దగ్గర బంతి నా చేతిలో ఆగదు సార్.
వచ్చినట్టే పంపెయ్యాలి.
పట్టుకుంటే ఫౌలు.
వారానికి ఒక్కసారన్నా
ఒక బంతిని పట్టుకోవాలనిపిస్తది."

సారు దగ్గర దానికి సామెత లేదు.
డబ్బులిచ్చి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి వాడింటికి వెళ్లాను, ఎందుకో నాకే తెలీదు.
వాళ్లమ్మ గ్రేడింగ్ నుంచి అప్పుడే వచ్చింది.
పొగాకు జిగురు పట్టి నల్లబడ్డ వేళ్లను
గోకి గోకి కడుగుతోంది.
బారన్ల సీజన్ అయిపోతే అవే వేళ్లు
జాకెట్లకు హుక్కులు కుడతాయి.
సగం చెప్పిన మాటని
నేనే మధ్యలో ఆపేసుకుని
వాళ్లు పెట్టిన చింతకాయ పచ్చడన్నం తినొచ్చాను.
మా కందుకూరు సంగతి అయినా అంతేగా,
ప్రకాశంలో పడుకుని నెల్లూరులో లేచింది.
బోర్డుల మీద పెయింటు మారింది,
మన్నేరు మాత్రం ఎవర్నీ అడక్కుండా తన దారిన పోతోంది.
ఇది జవాబు కాదు, నాకు తెలుసు.
ఊరికి వేళ్లు విరగవు.

విరగలేదు కానీ వాచింది.
సెమీస్‌కి నాలుగు రోజుల ముందు,
లెగ్‌సైడు డైవ్.
క్యాచ్ వదల్లేదట,
అది చెప్పేటప్పుడు వాడి మొహం చూడాలి.

కావలిలో మ్యాచ్.
చిటికెనవేలూ ఉంగరపువేలూ కలిపి తెల్ల టేపు.
మొదటి బంతి కొంచెం తిరుగుతూ వచ్చింది,
నా చెయ్యి గాలిని కొట్టింది.
రెండోది నెట్‌కి తగిలింది.
బెంచీ మీద సారు
అరచేత్తో నుదురు రుద్దుకుంటున్నారు.
నాలో ఎవడో "చెప్పానా" అన్నాడు.
నేనెప్పుడూ చెప్పలేదు.

మూడోసారి కళ్లు మూసుకోలేదు.
ఎగరడం ఒక్క క్షణం ఆపి
బంతి ఎక్కడ పుడుతుందో తలతిప్పి చూశాను.
మూడేళ్లలో మొదటిసారి.

నెట్ పక్కన, తల వెనక్కి వాల్చి, మాల్యాద్రి.
బంతి వాడి వేళ్ల మధ్యకి దిగింది.
తెల్ల టేపు చుట్టిన ఆ చేతులు
రెప్పపాటు
మూసుకోబోయి

తెరుచుకున్నాయి.